ఇంటర్వ్యూలో మన గురించి మనం బాగా చెప్పుకోవడం నేర్పా, మోసమా?

చివరి బెంచీ · సోమవారం, రాత్రి 9:40

రెండు నెలల్లో రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మొదటి దాంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను. నా ప్రశ్న అక్కడే పుట్టింది.

పాత ఆఫీసులో నలుగురం కలిసి ఖాతాదారుల వివరాలన్నీ పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదాంట్లోకి మార్చాం. ఆరు నెలల పని. ప్యానెల్‌లో ఒకావిడ దాని గురించి చెప్పమన్నారు. "మేము ఇలా ప్లాన్ చేసుకున్నాం, మేము టెస్ట్ చేశాం, మేము పూర్తిచేశాం" అంటూ చెప్పుకుంటూ పోయాను. "అందులో మీరేం చేశారు?" అని ఆవిడ అడిగారు. "అందరం కలిసే చేశామండీ" అన్నాను. అబద్ధం కాదు కదా. వారం తర్వాత మెయిల్ వచ్చింది. "మీ వంతు పని ఏమిటో స్పష్టంగా తెలియలేదు" అని ఒకే ఒక్క వాక్యం.

ఆ నలుగురిలోనే ఒకతను ఆ ప్రాజెక్టు మొత్తం తనే నడిపించినట్టు చెప్పి వేరేచోట ఉద్యోగం తెచ్చుకున్నాడు. అతను చేసింది చివర్లో రిపోర్టులు సరిచూడటం. ఈ సంగతి నాతో చెప్పింది కూడా అతనే. "అలా చెప్పకపోతే ఎవరిస్తారు?" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట మాత్రం మనసులోంచి పోవడం లేదు.

వచ్చే బుధవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. తెలిసినాయన ఒకరు కొన్ని చిట్కాలు చెప్పారు. అవతలివాళ్లు ఎలా కూర్చుంటే నువ్వూ అలాగే కూర్చో, ముందు వాళ్ల సంస్థను పొగుడు, "మీరు" అనకుండా "మనం" అను, అప్పుడే ఉద్యోగంలో చేరిపోయినట్టు మాట్లాడు. వింటుంటే కొంత సబబే అనిపించింది, కొంత ఒళ్లు జలదరించింది. సొంత డప్పు కొట్టుకోకూడదని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి.

ఒప్పించేలా మాట్లాడటం ఉద్యోగానికి కావలసిన నేర్పేనా? లేక చేసిన పనికంటే పెద్దగా కనపడటానికి వేసుకునే వేషమా? నేర్చుకోవాలా, వద్దా? మొహమాటం లేకుండా చెప్పండి.

పానా పట్టిన చెయ్యి · సోమవారం, రాత్రి 10:15

వద్దు తమ్ముడూ. ఆ చిట్కాల జోలికే పోవద్దు.

ఇరవై రెండేళ్లుగా యంత్రాల రిపేరు చేస్తున్నాను. మా వర్క్‌షాపులోకి ఒకసారి ఒకతన్ని తీసుకున్నారు. "మోత విని ఏ బేరింగ్ పోయిందో చెప్పేస్తాను" అన్నాడట ఇంటర్వ్యూలో. అతను మాట్లాడుతుంటే మా మేనేజర్ రాసుకోవడం కూడా మానేసి విన్నాడట. మూడో వారంలో ఒక పంపు వేడెక్కింది. గ్రీజు తక్కువైందని ఇతను ఇంకా ఎక్కించాడు. అసలు అది వేడెక్కిందే గ్రీజు ఎక్కువై. బేరింగ్ మాడిపోయింది, లైను ఒకటిన్నర రోజు ఆగిపోయింది.

ఆ ఉద్యోగానికే వచ్చిన ఇంకొకతను నాకు తెలుసు. నాలుగు మాటలు కూడబలుక్కోలేడు. కానీ హౌసింగ్ మీద చెయ్యి పెట్టి అదిరే తీరును బట్టి అలైన్‌మెంట్ తప్పిందని చెప్పగలడు. "కమ్యూనికేషన్ బాగాలేదు" అని అతన్ని పంపించేశారు.

మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు అని ఊరికే అనలేదు. పని కావాలంటే పని పెట్టి చూడాలి. ఒక పంపు ఇచ్చి విప్పమంటే గంటలో తేలిపోతుంది. మాటతో నెగ్గిన ప్రతివాడి వెనకా మాట రాక ఓడిపోయినవాడు ఒకడుంటాడు. వాడి గురించి ఎవరూ ఆలోచించరు.

ప్యానెల్ కుర్చీ · సోమవారం, రాత్రి 11:30

పానా గారూ, పంపు విప్పించే వీలున్నచోట విప్పించాల్సిందే. అందులో మీతో నాకు పేచీ లేదు. కానీ చివరి బెంచీ గారిది ఆరు నెలల పని. దాన్ని గంటలో ఎలా చేయించి చూస్తాం?

నేను పదకొండేళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెల్స్‌లో కూర్చుంటున్నాను. బల్లకు ఇవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను. నా ముందు ఒక కాగితం ఉంటుంది. ఐదారు ప్రశ్నలు, వచ్చిన అందరికీ అవే. ప్రతిదాని పక్కన 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. ఎలాంటి జవాబుకు 1 వేయాలో, ఎలాంటిదానికి 3, ఎలాంటిదానికి 5 వేయాలో ముందే రాసిపెట్టుకుంటాం. కింద కొంచెం ఖాళీ. ఆ అంకె ఎందుకు వేశానో అక్కడ రాయాలి. తర్వాత ముగ్గురం కూర్చుని ఒకరి కాగితాలు ఒకరం చూసుకుంటాం. "మనిషి బాగున్నాడనిపించింది" అంటే అక్కడ చెల్లదు.

"అందరం కలిసే చేశాం" అంటే ఆ ఖాళీలో నేనేం రాయను? మీ వినయం నాకు నచ్చవచ్చు. నచ్చినందుకు వేయడానికి అక్కడ అంకె లేదు. మీ తర్వాత వచ్చినతను "నేను ఇది చేశాను" అన్నాడనుకోండి, అతనికి 4 వేస్తాను. మీకు 2 వేసేటప్పుడు నా మనసు గింజుకుంటుంది, అయినా 2 వేస్తాను.

ఒప్పించడం అంటే నా దృష్టిలో ఆ ఖాళీలో నేను రాసుకోగలిగిన మాట నాకు ఇవ్వడం. అప్పుడు పరిస్థితి ఏమిటి, అందులో మీ బాధ్యత ఏమిటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది. దీన్నే స్టార్ పద్ధతి అంటారు, చాలామంది వినే ఉంటారు. విన్నవాళ్లు కూడా చేసే పొరపాటు ఒకటుంది. పరిస్థితి చెప్పడానికే మూడు నిమిషాలు ఖర్చుపెట్టేస్తారు. కంపెనీ ఎప్పుడు పెట్టారు, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, మేనేజర్ ఎలాంటివాడు... అసలు మీరేం చేశారన్న దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. నాకు కావలసింది ఆ ముక్కే.

ఇక ఆ చిట్కాల సంగతి. మమ్మల్ని చూసి అనుకరించేవాళ్లు మాకు తెలిసిపోతారు. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే వాళ్లూ పెట్టుకుంటారు. చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది. పొగడ్త కూడా అంతే. "మీ సంస్థ చాలా గొప్పదండీ" అంటే దాన్ని నేనేం చేసుకోను? ఒకమ్మాయి మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. "మీ సైట్‌లో ఫిర్యాదు పెట్టాలంటే నాలుగు పేజీలు దాటాలి, అలా ఎందుకు పెట్టారో తెలుసుకోవాలనుంది" అంది. ఒక్క పొగడ్త లేదు. కానీ మా పని గురించి కూర్చుని ఆలోచించి వచ్చిందని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

లెక్కల పుస్తకం · మంగళవారం, ఉదయం 7:20

ప్యానెల్ కుర్చీ గారు చెప్పిన ఆ కాగితం ఉన్నచోట సంగతి వేరు. అది లేనిచోట ఏమవుతుందో చూడాలి.

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు వాడే పద్ధతులు తర్వాతి పనితీరును ఎంతవరకు ముందే చెప్పగలవు అన్నదానిపై పాల్ సాకెట్, ఆయన సహ పరిశోధకులు 2022లో పాత లెక్కలన్నీ తిరగేసి సరిచేశారు. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, ముందే రాసుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42 వచ్చింది. వాళ్లు చూసిన పద్ధతులన్నిటిలోకీ అదే పైన నిలిచింది. తోచిన ప్రశ్నలు వేసి తోచినట్టు తేల్చే ఇంటర్వ్యూకు వచ్చింది 0.19. ఈ కొలతలో 1 అంటే పూర్తిగా సరిపోయినట్టు, 0 అంటే అసలు సంబంధమే లేనట్టు.

ముర్రే బారిక్ బృందం 2009లో ఇంకో ప్రశ్న తీసుకుంది. తమను తాము మెరుగ్గా చూపించుకునే ఎత్తులు ఎంత పనిచేస్తాయి? ఇంటర్వ్యూ మార్కులు బాగానే పెరుగుతాయి. కానీ తర్వాత చేసే పనితో వాటికున్న సంబంధం చాలా తక్కువ. తోచినట్టు నడిపే ఇంటర్వ్యూల మీదే ఈ ఎత్తుల ప్రభావం ఎక్కువని కూడా తేలింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కదిలించినది హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల సంగతి. 1979లో ఎంపికలు అయిపోయాక ఉన్నట్టుండి ఇంకో 50 మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. అంతకుముందు వద్దని పక్కన పెట్టినవాళ్లలోంచి 50 మందిని తీసుకున్నారు. ముందు ఎంపికైనవాళ్లకూ వీళ్లకూ తేడా ఎక్కువగా ఇంటర్వ్యూ చేసినవాళ్ల అభిప్రాయంలోనే ఉంది. చదువు పూర్తయ్యేదాకా, ఆసుపత్రి శిక్షణలో కూడా గమనిస్తే రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 1987లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సీట్లు పెరగకపోతే ఆ 50 మందీ ఏమయ్యేవారు? "మీరు సరిపోరు" అన్న మాటను నిజమని నమ్మేసి ఉండేవారేమో.

చివరి బెంచీ గారూ, మీరు మాట నేర్చుకోవడంలో నాకు తప్పు కనపడటం లేదు. తప్పంతా కొలత లేకుండా మాట్లాడించి, ఆ మాటనే కొలత చేసుకునేవాళ్లది.

పానా పట్టిన చెయ్యి · మంగళవారం, ఉదయం 7:45

నేను అనుభవంతో చెప్పిందే మీరు అంకెలతో చెప్పారు. ఎత్తుల వల్ల మార్కులు పెరుగుతాయి, పని పెరగదు. మరి తప్పు ఎవరిదైతే ఏం, ఆ ఎత్తులు నేర్చుకోమని తమ్ముడికి ఎలా చెప్తాం?

వార్డు డ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 3:10

నైట్ డ్యూటీ చేసి పడుకుని ఇప్పుడే లేచాను. ఇదంతా చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

పానా అన్నా, మీరు మాటను ఒక పక్క, పనిని ఇంకో పక్క పెడుతున్నారు. నా ఉద్యోగంలో అవి విడిగా లేవు. నేను నర్సును. ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పితో మూలుగుతున్న మనిషిని లేచి నాలుగడుగులు వేయమని ఒప్పించాలి. వేయకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. రాత్రి రెండింటికి డాక్టర్‌ను నిద్రలేపి, "ఈ పేషెంట్ పరిస్థితి బాగాలేదు, మీరు రావాలి" అని ఒక్క నిమిషంలో నమ్మించాలి. అక్కడ నా మాట తడబడితే నష్టపోయేది నేను కాదు, మంచం మీదున్న మనిషి.

దానికి మాకు ఒక వరస నేర్పిస్తారు. ఇప్పుడేం జరుగుతోంది, దాని వెనక సంగతేంటి, నేనేం అనుకుంటున్నాను, మీరేం చేయాలి. ఎస్‌బార్ అంటారు. అణు జలాంతర్గాముల్లో పనిచేసేవాళ్ల నుంచి ఆసుపత్రుల్లోకి వచ్చింది ఈ పద్ధతి. ప్యానెల్ కుర్చీ గారు చెప్పినదానికి చాలా దగ్గరగా లేదూ? అందులో పొగడ్త లేదు, నటన లేదు. అవతలి మనిషికి ఏది ముందు కావాలో అది ముందు చెప్పడమే. ఒప్పించడమంటే నాకు తెలిసింది అదే.

ఇంటర్వ్యూలో నన్ను "మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి" అన్నారు. "నేను మరీ ఎక్కువ కష్టపడతాను" అని చెప్పమని తోటివాళ్లు నేర్పారు. నాకు నోరు రాలేదు. ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లు ఉన్నప్పుడు ఒకరి మందు ఇంకొకరి మంచం దాకా తీసుకెళ్లి, చేతిపట్టీ మీద నంబరు చూసి ఆగిన సంగతి చెప్పాను. వెంటనే రిపోర్ట్ చేశానని, ఆ తర్వాత ఒకే పేరున్నవాళ్లను పక్కపక్క మంచాల మీద ఉంచకుండా చూడమని అడిగానని చెప్పాను. చెప్తుంటే చేతులు చల్లబడ్డాయి. ఉద్యోగం వచ్చింది.

నిదానం · మంగళవారం, సాయంత్రం 6:05

అందరూ మాట సాఫీగా వచ్చేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు.

నాకు నత్తి. 'ప'తోనో 'క'తోనో మొదలయ్యే మాట దగ్గర ఆగిపోతాను. ఒక్కోసారి పది సెకన్లు. ఆ పది సెకన్లలో ఎదుటివాళ్ల చూపు ఎలా మారుతుందో మీలో ఎవరికీ తెలియదు. ఒక ఇంటర్వ్యూ తర్వాత "ఆత్మవిశ్వాసం లోపించింది" అని రాసి పంపారు. నా నోరు ఆగింది, నమ్మకం కాదు. తొమ్మిదేళ్లుగా ఉత్తరాల మీద ఆధారపడే విభాగంలో పనిచేస్తున్నాను, నా డ్రాఫ్టు తిరిగొచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ సంగతి చెప్పేలోపే టైమ్ అయిపోయింది.

ఒప్పించే నేర్పు అని పేరు పెట్టి మీరు కొలిచేది చాలాసార్లు గొంతు, వేగం, చిరునవ్వు. వేరే భాషలో ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లకూ ఇదే గతి. మనసులో నిండుగా ఉన్నది నోట్లో సగమే ఉంటుంది. నిండు కుండ తొణకదు అంటారు. తొణకని కుండను నిండిందో లేదో మీరెలా చూస్తారు? ప్యానెల్ కుర్చీ గారిని సూటిగా అడుగుతున్నాను.

ప్యానెల్ కుర్చీ · మంగళవారం, రాత్రి 9:50

సాయంత్రం నుంచి మీ ప్రశ్నే ఆలోచిస్తున్నాను నిదానం గారూ.

మొదట్లో, ఆ కాగితం లేని రోజుల్లో, నేను కూడా "ఉత్సాహం కనపడలేదు" అని రాశాను. ఒకసారి కాదు. ఒకతను తలెత్తి చూడలేదు, గొంతు పెగల్లేదు. జవాబులు ఏమిటో నాకిప్పుడు గుర్తే లేదు, తలెత్తకపోవడం మాత్రం గుర్తుంది. అంటే నేను విన్నది జవాబు కాదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు మేము ప్రశ్నలు ఒకరోజు ముందు పంపిస్తున్నాం. అడిగినవాళ్లకు టైమ్ ఎక్కువ ఇస్తాం. రాసి చూపిస్తామంటే సరే అంటాం. అన్నిచోట్లా ఇలా లేదని తెలుసు. మొదట్లోనే "నాకు నత్తి ఉంది, మాట ఆగితే కాసేపు ఆగండి, జవాబు నా దగ్గర ఉంది" అని చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క వాక్యంతో గదిలో టెన్షన్ తగ్గుతుంది, మాది కూడా. నన్నడిగితే అది కూడా ఒప్పించే నేర్పే.

నిదానం · మంగళవారం, రాత్రి 10:20

నేను అలా చెప్పి చూశాను. రెండుచోట్ల పనిచేసింది, ఒకచోట చెప్పగానే వాళ్ల మొహంలో జాలి కనపడింది. ప్రశ్నలు ముందే పంపించడం మంచి పద్ధతి. కానీ గదిలో టెన్షన్ తగ్గించే బాధ్యత నామీద ఎందుకు పడాలి? దానికి నేర్పు అని పేరు పెట్టకండి. అది మీరు నాతో చేయించుకుంటున్న అదనపు పని.

ప్యానెల్ కుర్చీ · మంగళవారం, రాత్రి 10:40

ఒప్పుకుంటున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నటించేవాళ్లు దొరికిపోతారని మొదట అన్నాను చూడండి, దాన్ని మాత్రం వదులుకోను. వివరాలు తవ్వుతూ పోతే అబద్ధం చెప్పేవాళ్లు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు.

లెక్కల పుస్తకం · బుధవారం, ఉదయం 6:55

ప్యానెల్ కుర్చీ గారూ, మీ నిజాయితీ మీద గౌరవంతోనే ఈ చివరి మాటకు అడ్డు చెప్తున్నాను.

అబద్ధాన్ని పట్టుకోగలమని మనందరికీ నమ్మకం ఎక్కువ. చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ప్రత్యేక సాధనాలేవీ లేకుండా మనుషులు నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా గుర్తించింది సగటున 54 శాతం సార్లు. నాణెం ఎగరేస్తే వచ్చేదానికంటే కొద్దిగా నయం, అంతే.

ఇంకొకటి వినండి. జూలియా లెవాషీనా, మైకేల్ క్యాంపియన్ 2007లో డిగ్రీ చదువుతూ ఉద్యోగాలకు వెళ్లే విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో 90 శాతానికి పైగా ఇంటర్వ్యూలో ఏదో ఒక రకంగా ఉన్నది లేనట్టో, లేనిది ఉన్నట్టో చెప్పామన్నారు. అబద్ధానికి బాగా దగ్గరగా వెళ్లినవాళ్ల శాతం రకాన్ని బట్టి 28 నుంచి 75 దాకా ఉంది. "ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారు?" అన్న ప్రశ్నకంటే "అప్పుడు ఏం చేశారు?" అన్న ప్రశ్నకు కల్పన తగ్గింది. అయితే తవ్వే ప్రశ్నలు వేస్తే కల్పన తగ్గలేదు, పెరిగింది. బహుశా ఏం వినాలనుకుంటున్నారో ఆ ప్రశ్నలే చెప్పేస్తాయి కాబోలు. అది నా ఊహ.

చివరి బెంచీ గారి స్నేహితుడు ఎందుకు దొరకలేదో ఇప్పుడు అర్థమవుతుంది. అతను ఆ ప్రాజెక్టులో నిజంగా ఉన్నాడు. వివరాలన్నీ అతనికి తెలుసు. ఎంత తవ్వినా నీళ్లే పడతాయి. మారిందల్లా ఒక్క సర్వనామం.

అక్షరం · బుధవారం, ఉదయం 9:30

సర్వనామం అన్నారు కాబట్టి వచ్చాను. రాతప్రతులు దిద్దడం నా వృత్తి. ఈ చర్చ అంతా నాకు మూడు మాటల చుట్టూ తిరుగుతున్నట్టు ఉంది: నేను, మేము, మనం.

మన భాషకు ఒక సౌకర్యం ఉంది. 'మేము' అంటే వింటున్న మనిషి అందులో లేరు. 'మనం' అంటే ఉన్నారు. ఈ తేడా లేని భాషలు చాలా ఉన్నాయి. అందుకే "మనం ఈ విభాగాన్ని ఇలా మార్చుకోవచ్చు" అని ఇంకా ఉద్యోగం రాని మనిషి అంటే వినేవాళ్లకు ఎక్కడో గుచ్చుకుంటుంది. వాళ్లు మిమ్మల్ని ఇంకా లోపలికి రానివ్వలేదు, మీరే లోపల కూర్చుని మాట్లాడుతున్నారు. ఆ చిట్కా విని చివరి బెంచీ గారికి ఒళ్లు జలదరించిందంటే ఆ చెవి మంచి చెవి.

'నేను' అనడానికి భయపడేవాళ్లు ఇంకో దారి పడతారు. "రికార్డులు సరిచేయడం జరిగింది", "సమస్య పరిష్కరించబడింది". ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు, దానంతటదే జరిగిపోయింది! రోజూ ఇలాంటి వాక్యాలు దిద్దుతుంటాను. వినయం అనుకుని రాస్తారు, చదివేవాళ్లకు మాత్రం ఏదో దాస్తున్నట్టు ఉంటుంది.

'మేము'ను వదిలిపెట్టమని నేను అనను. నలుగురూ కలిసి తేల్చుకున్నదానికి 'మేము' అనండి. మీ చేత్తో చేసినదానికి 'నేను' అనండి. ఒకే జవాబులో రెండూ ఉండాలి. ఎక్కడ 'మేము' ఆగి 'నేను' మొదలైందో అక్కడే వినేవాళ్లకు మీ పని కనపడుతుంది. ఆ స్నేహితుడు చేసిన తప్పు 'నేను' అనడం కాదు, అన్ని చోట్లా అదే అనడం.

చివరి బెంచీ · గురువారం, రాత్రి 8:15

అన్నీ రెండుసార్లు చదివాను. జవాబు ఒకటి రాసుకున్నాను. దయచేసి దిద్దండి.

"ఖాతాదారుల వివరాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పనిలో మేము నలుగురం ఉన్నాం. ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత అన్నది అందరం కలిసి నిర్ణయించాం. పాత వివరాల్లో తప్పులు వెతికి సరిచేయడం నా వంతు. పాతదాంట్లో తేదీలు కొన్నిచోట్ల రోజు ముందు, కొన్నిచోట్ల నెల ముందు ఉన్నట్టు నేను గమనించాను. వాటిని పట్టుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఆ తప్పులన్నీ సరిచేశాను. పని సకాలంలో పూర్తయింది."

పానా పట్టిన చెయ్యి · గురువారం, రాత్రి 8:40

తమ్ముడూ, ఇది డప్పు కాదు. ఇది పని. ఇలా చెప్తే నేనూ వింటాను.

కానీ ఒక సందేహం. 5వ నెల 4వ తేదీని 4వ నెల 5వ తేదీగా చదివినా అది కూడా తేదీయే కదా. 12 దాటితే నెల కాదని తెలిసిపోతుంది, 12 లోపు ఉంటే తప్పని ఎలా కనుక్కున్నావు? నన్నడిగితే అసలు పనితనం అక్కడుంది. అది చెప్పకుండా "తప్పులన్నీ సరిచేశాను" అని దాటేశావు. 'అన్నీ' అని నిజంగా అనగలవా?

చివరి బెంచీ · గురువారం, రాత్రి 9:05

పానా అన్నా, మీరు అడిగేదాకా అది చెప్పాల్సిన విషయమని నాకు తట్టనే లేదు.

ఖాతా తెరిచిన తేదీని మొదటి రసీదు తేదీతో పోల్చాను. ఖాతా తెరవకముందే రసీదు ఉంటే తేదీ తిరగబడినట్టే. అలా మూడు వందలకు పైగా దొరికాయి. రసీదు లేని ఖాతాలు నలభై దాకా మిగిలాయి. వాటిని ప్రోగ్రామ్‌తో తేల్చలేకపోయాను. కాగితం ఫైళ్లు తీసి చూశాను. ఆరింటికి ఫైలు కూడా దొరకలేదు. వాటిని మార్చకుండా గుర్తుపెట్టి మేనేజర్‌కు రాసిచ్చాను. 'అన్నీ' అనకూడదు. మీరన్నది నిజం.

వార్డు డ్యూటీ · గురువారం, రాత్రి 9:20

ఆ ఆరింటి సంగతి తప్పకుండా చెప్పు తమ్ముడూ. తెలియనిచోట ఊహించి మార్చేయకుండా ఆగి పైవాళ్లకు చెప్పావు చూడు, వార్డులో నాకు పక్కన కావలసింది అలాంటి మనిషే.

ప్యానెల్ కుర్చీ · గురువారం, రాత్రి 10:00

నేను ఆ ఖాళీలో ఏం రాస్తానో చెప్పనా? "రసీదు తేదీతో పోల్చి తిరగబడిన తేదీలు పట్టుకున్నారు. తేలనివి ఆరు, ఊహించకుండా పైకి తెలిపారు." ఇప్పుడు 4 వేయనా, 5 వేయనా అని ఆలోచిస్తాను.

గట్టిగా చదివి చూసుకోండి. రెండు నిమిషాలు దాటితే మొదటి రెండు వాక్యాలు తగ్గించండి, చివరివి కాదు. బట్టీ పట్టకండి. వరస గుర్తుంటే చాలు.

నిదానం · శుక్రవారం, ఉదయం 7:10

చివరి బెంచీ గారూ, మీ జవాబు బాగుంది. నిజంగా బాగుంది. కానీ గమనించారా, మీ పని ఎంత విలువైనదో మీకే తెలియలేదు. ఇక్కడ నలుగురు అడిగితే బయటికొచ్చింది. గదిలో అడిగేవాళ్లు అలా అడగకపోతే? లెక్కల పుస్తకం గారు చెప్పిన 50 మందిలాంటివాళ్లను అలా అడిగినవాళ్లు ఎవరూ ఉండి ఉండరు. నాకు మిగిలిన బాధ అదే.

చివరి బెంచీ · బుధవారం, రాత్రి 7:30

ఇంటర్వ్యూ అయింది. ముగ్గురున్నారు. ఇద్దరు రాసుకుంటున్నారు, ఒకరు రాసుకోలేదు.

ప్రాజెక్టు గురించి అడిగారు. అనుకున్న వరసలోనే చెప్పాను, మధ్యలో ఒకసారి తప్పి మళ్లీ అందుకున్నాను. ఆరు ఖాతాల దగ్గరికి వచ్చేసరికి రాసుకోనాయన తలెత్తి "అవి చివరికి ఏమయ్యాయి?" అన్నారు. "నేను వచ్చేసేటప్పటికి ఇంకా తేలలేదండీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం నాకు చాలా కష్టమైంది. ఏదో ఒకటి చెప్పి పూడ్చేద్దామనిపించింది. పూడ్చలేదు.

తర్వాత "మిగతా ముగ్గురూ ఏం చేశారు?" అని అడిగారు. ఒక్కొక్కరి వంతు చెప్పాను. రిపోర్టులు సరిచూసినతని గురించి కూడా. అతను పట్టుకున్న రెండు తప్పులు నేను పట్టుకోలేకపోయానని చెప్పాను. అది ముందుగా అనుకోలేదు, చెప్తుంటే గుర్తొచ్చింది. అతని పని నేను అనుకున్నంత చిన్నది కాదేమో.

'మనం' అని ఎక్కడా అనలేదు. పొగడనూ లేదు. చివర్లో నిదానం గారి మాట గుర్తొచ్చి, ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లకు ప్రశ్నలు ముందే పంపే వీలుందా అని అడిగాను. రాసుకుంటున్న ఇద్దరిలో ఒకావిడ అది కూడా రాసుకున్నారు.

ఫలితం రెండు వారాల్లో చెప్తామన్నారు.

నిదానం · బుధవారం, రాత్రి 7:50

అది అడిగినందుకు... ఏం రాయాలో తెలియడం లేదు. థాంక్స్ అండీ.

పానా పట్టిన చెయ్యి · బుధవారం, రాత్రి 8:05

నేర్చుకోవద్దని మొదట అన్నాను. నువ్వు నేర్చుకున్నది ఇదైతే ఆ మాట వెనక్కి తీసుకుంటాను. కూర్చునే తీరు అనుకరించడం గురించి అన్నది మాత్రం తీసుకోను. పంపు విప్పించాలన్నది కూడా.

మా దగ్గర వద్దన్న ఆ అబ్బాయికి ఇది చదివి వినిపిస్తాను. అతనికి వచ్చే నెల ఒక ఇంటర్వ్యూ ఉంది. ప్రశ్నలు నేనే వేస్తాను, నువ్వు కూడా ఒక సాయంత్రం ఫోన్లో కూర్చుంటావా?

ఫలితం వస్తే ఇక్కడ చెప్పు. రాకపోయినా చెప్పు.